చదువు పేర వసూలు, చదివేవారికి మొండిచేయి

ఆదాయపు పన్ను కట్టే ప్రతి ఒక్కరూ లెక్క తేలిన పన్నుపై మరో 4 శాతం ‘ఆరోగ్య, విద్యా సెస్సు’ చెల్లిస్తున్నారు. పాత విధానంలో కొనసాగుతున్నవారికైనా, కొత్త విధానానికి మారినవారికైనా ఇది తప్పదు. అదే పన్ను చెల్లింపుదారు తన బిడ్డ కళాశాల ఫీజునో, తాను తీరుస్తున్న విద్యారుణంపై వడ్డీనో చూపి ఉపశమనం కోరితే మాత్రం కొత్త విధానంలో దానికి చోటే లేదు. చదువు కోసమంటూ వసూలు చేయడానికి అడ్డురాని సరళత, చదువుకు అయిన ఖర్చును గుర్తించాల్సి వచ్చేసరికి అడ్డొస్తోంది. దేశంలో అత్యధిక శాతం పన్ను చెల్లింపుదారులకు ఇవాళ వర్తిస్తున్న నిబంధన ఇదే. విద్యావ్యయాన్ని పన్ను లెక్కలోంచి తొలగిస్తున్నామని, అందుకు ఫలానా కారణం ఉందని ఏ ప్రభుత్వమైనా ప్రజల ముందు నిలబడి చెప్పి ఉంటే కనీసం ఆ కారణంతో వాదించే వీలుండేది. అలా చెప్పకుండానే పని కానిచ్చారు.

జరిగిన క్రమం చూడండి. 2020 బడ్జెట్లో నిర్మలా సీతారామన్ కొత్త పన్ను విధానాన్ని ఐచ్ఛికంగా ప్రవేశపెట్టారు. అప్పటికి అమల్లో ఉన్న వందకు పైగా మినహాయింపుల్లో దాదాపు 70 ఇందులో వర్తించవని ప్రసంగంలో చెప్పారు. పిల్లల ట్యూషన్ ఫీజుకు ఆధారమైన 80సి, ఉన్నత విద్యారుణం వడ్డీకి ఆధారమైన 80ఈ రెండూ ఆ మూటలోనే కొట్టుకుపోయాయి. ఇష్టమున్నవారే కొత్త విధానంలోకి రావచ్చన్నారు కాబట్టి అప్పట్లో పెద్దగా అలజడి రేగలేదు. 2023 బడ్జెట్ దాన్నే ‘డిఫాల్ట్’ విధానం చేసింది. పాతది కావాలనుకున్నవారు ప్రత్యేకంగా ఎంచుకోవలసి వచ్చింది. 2025లో కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఇచ్చి, శ్లాబులను విస్తరించి, పాత విధానాన్ని ఉన్నచోటనే వదిలేశారు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి 2024 జులై 31లోపు దాఖలైన 7.28 కోట్ల రిటర్నుల్లో 72 శాతం కొత్త విధానంలోనే వచ్చాయి. 80సి, 80ఈలను ఎవరూ రద్దు చేయలేదు. వాటిని వాడుకుంటే నష్టపోయే పరిస్థితిని మాత్రం కల్పించారు.

ఇది అతిశయోక్తి కాదని ఒక లెక్క చెబుతుంది. 20 లక్షల రూపాయల విద్యారుణం, 11 శాతం వడ్డీ, 16 లక్షల వార్షిక వేతనం ఉన్న ఒక యువ ఇంజినీరును ఊహించుకుందాం. ఏడాదికి వడ్డీయే 2.2 లక్షలు. కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను అతను కట్టాల్సిన పన్ను 1,08,750 రూపాయలు, దానిమీద సెస్సు 4,350, మొత్తం 1,13,100. విద్యారుణ వడ్డీని తీసివేయనిచ్చి ఉంటే ఇది 78,780 దగ్గర ఆగేది. అంటే 34,320 రూపాయల తేడా. మరి పాత విధానానికి వెళ్లవచ్చు కదా అంటారా? వెళ్లి వడ్డీ మొత్తాన్నీ చూపి, 80సి కింద లక్షన్నర పూర్తిగా వాడుకున్నా పన్ను 1,73,160 అవుతుంది. కొత్త విధానం కంటే 60 వేలు ఎక్కువ! ఎంచుకునే స్వేచ్ఛ ఉందని చెబుతూ, ఎంచుకున్నవాడికి జరిమానా వేసే ఏర్పాటిది. ఆ యువకుడు అప్పు చేసి చదివినందుకు చట్టం ఒక్క రూపాయి తగ్గించలేదు; విద్య పేరు కూడా ఉన్న సెస్సు మాత్రం 4,350 తీసుకుంది.

మినహాయింపులు ఎక్కువైతే చట్టం చిక్కుపడుతుంది, వివాదాలు పెరుగుతాయి, కాబట్టి రేట్లు తగ్గించి మినహాయింపులు తీసేయడమే సంస్కరణ అన్నది ఆర్థిక శాఖ వాదన. సూత్రంగా ఇందులో బలముంది. మేమూ దాన్ని తోసిపుచ్చం. అయితే ఆ సూత్రాన్ని ఆర్థిక శాఖ తానే నిలబెట్టుకోలేదు. అద్దెకిచ్చిన ఇంటిపై తీసుకున్న గృహరుణం వడ్డీని అద్దె ఆదాయంలోంచి తీసివేసుకోవడానికి కొత్త విధానంలోనూ అనుమతి ఉంది. ఉద్యోగి పేర యజమాని జాతీయ పింఛను పథకంలో జమచేసే మొత్తానికి, మూలవేతనంలో 14 శాతం వరకు, అందులో చోటు దొరికింది. వ్యాపారి తన యంత్రానికి తరుగుదల చూపవచ్చు, సంస్థ కొన్న కంప్యూటరుకు ఏటా 40 శాతం చొప్పున రాసుకోవచ్చు. అద్దె ఆదాయం కోసం పెట్టిన ఖర్చు కాబట్టి ఇంటి వడ్డీని తీసేయనిస్తున్నామంటే, జీతం దేనివల్ల వచ్చింది? ప్రభుత్వం పన్ను వేస్తున్న ఆ జీతం చదువుకు ఫలితమే. ఫలితాన్ని ఆదాయంగా లెక్కించి, దాన్ని తెచ్చిపెట్టిన పెట్టుబడిని సొంత విలాసంగా చూడడం ఏ పన్ను సిద్ధాంతానికీ నిలవదు. ఇల్లు కొన్నవాడి అప్పుకు ఉన్న మర్యాద చదువుకున్నవాడి అప్పుకు లేకపోవడాన్ని సరళీకరణ అనలేం. అది ఎంపిక. ఆ ఎంపికకు జవాబు చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

పాత విధానం మాత్రం ఆదర్శమేమీ కాదు. దాన్ని తలచుకుని కన్నీరు పెట్టుకోవాల్సిన పనిలేదు. విద్యను అది ఏనాడూ విద్యగా చూడలేదు. జీవిత బీమా ప్రీమియం, భవిష్యనిధి, పోస్టాఫీసు పొదుపు, గృహరుణం అసలు, వీటన్నిటితో పాటు ఒకే లక్షన్నర పరిమితిలో కుక్కేసింది. నెలకు 60 వేల మూలవేతనం ఉన్న ఉద్యోగికి భవిష్యనిధి వాటాయే ఏడాదికి 86,400 అవుతుంది. బీమా, ఇంటి కిస్తీ కలిస్తే ఫీజు రసీదు బయటికి తీసే సరికే పరిమితి నిండిపోతుంది. ఆ లక్షన్నర కూడా 2014 నాటిది. దశాబ్దం పైబడినా దాన్ని కదపలేదు. ఈ మధ్యకాలంలో హైదరాబాద్, విజయవాడల్లో ఇంటర్మీడియట్ ఫీజులు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాయో పాఠకులకు మేం చెప్పనక్కర్లేదు. పైగా అందులో ట్యూషన్ ఫీజు మాత్రమే చెల్లుబాటవుతుంది. డెవలప్‌మెంట్ ఫీజు, విరాళం చట్టం ప్రకారమే చెల్లవు. హాస్టలు, బస్సు, పుస్తకాల ఖర్చుకూ చోటు లేదు. కార్పొరేట్ కళాశాలలు చదువు, హాస్టలు, కోచింగ్ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతుంటే, తల్లిదండ్రులు ఆ మొత్తంలో ట్యూషన్ ఎంతో విడగొట్టిన రసీదు కోసం ఆఫీసు కిటికీ దగ్గర బతిమాలుకోవాల్సి వస్తోంది.

అంతకన్నా పెద్ద లోపం దాని నిర్మాణంలోనే ఉంది. ఆదాయంలోంచి మినహాయించే పద్ధతి ఎప్పుడూ పై శ్లాబువారికే ఎక్కువ మేలు చేస్తుంది. లక్షన్నర మినహాయింపు 30 శాతం శ్లాబులో ఉన్నవారికి 46,800 రూపాయలు మిగిల్చితే, 20 శాతం శ్లాబులో ఉన్న గుమస్తాకు 31,200 మిగులుస్తుంది. పన్ను పరిధిలోకే రాని ఆటో డ్రైవరుకు, కౌలురైతుకు, వాళ్ల పిల్లలు కట్టేది అదే ఫీజైనా, సున్నా. ఇక పిల్లల చదువు భత్యం సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. పన్ను లేకుండా నెలకు బిడ్డకు 100 రూపాయలు, ఇద్దరు బిడ్డల వరకు, హాస్టలుకైతే 300. దశాబ్దాల పాటు ఆ అంకెలు కదలకుండా నిబంధనల పుస్తకంలో ఉండిపోయాయి. ఇప్పుడు దాన్ని ఎంత పెంచినా కొత్త విధానంలో ఉన్నవారికి దక్కేదేమీ లేదు.

విద్యారుణం విషయంలో ఒకప్పుడు చట్టం మరికొంత ఉదారంగా ఉండేది. 80ఈ కింద అసలూ వడ్డీ కలిపి ఏడాదికి 40 వేల వరకు తగ్గించుకునే వీలుండేది. 2005లో దాన్ని మార్చి వడ్డీకి మాత్రమే పరిమితం చేశారు. ప్రతిగా గరిష్ఠ పరిమితి ఎత్తేశారు. వడ్డీ కట్టడం మొదలైన ఏడాది నుంచి ఎనిమిదేళ్లు. పెద్ద రుణాలు తీసుకున్నవారికి ఇది లాభమే, కాదనం. అప్పు మాత్రం బ్యాంకుదో, గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థదో, ఆమోదం ఉన్న ధర్మసంస్థదో అయి ఉండాలి. హామీకి ఆస్తి లేక, బ్యాంకు మెట్లెక్కి దిగి, చివరకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో అప్పు తెచ్చి కొడుకును ఇంజినీరింగులో చేర్చిన తండ్రికి అందులో చోటు లేదు. ఏడాదికి 24 శాతం వడ్డీ కడుతున్నవాడి భారం చట్టానికి కనబడదు. 11 శాతం కడుతున్నవాడిది కనబడేది, ఇప్పుడు అదీ కనబడటం లేదు.

ఉద్యోగంలో చేరాక చదివేవారి పరిస్థితి ఇంకా అన్యాయం. పాత విధానంలోని ట్యూషన్ ఫీజు మినహాయింపు పిల్లలకే. తనకు గానీ, భార్యకు లేదా భర్తకు గానీ కట్టిన ఫీజుకు వర్తించదు. అదీ దేశంలోని సంస్థలో ‘పూర్తికాలపు’ విద్య అయితేనే. రాత్రి తరగతులు, దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీ ఇవన్నీ చట్టం దృష్టిలో చదువులు కావు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది తెలుగునేల మీదే. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అప్పటి ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ. మూడేళ్ల తర్వాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. పగలు పనిచేసి సెలవుదినాల్లో స్టడీ సెంటర్ల బెంచీల మీద కూర్చున్న కండక్టర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పెళ్లయ్యాక చదువు ఆగిపోయిన స్త్రీలు ఆ విశ్వవిద్యాలయాల ద్వారా పట్టభద్రులయ్యారు. నాలుగు దశాబ్దాలు దాటినా పన్ను చట్టం వారిని విద్యార్థులుగా గుర్తించలేదు.

హైదరాబాద్ అమీర్‌పేటకు వెళ్లి చూస్తే దేశంలో నిరంతర విద్య నిజంగా ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది. మైత్రివనం చుట్టూ ఉన్న అంతస్తుల్లో, ఇరుకు గదుల్లో, కొలువు పోయినవారు, పోతుందేమోనని భయపడేవారు, బ్యాక్‌లాగులు గట్టెక్కి వచ్చినవారు కొత్త సాఫ్ట్‌వేరు నైపుణ్యాలు నేర్చుకుంటున్నారు. చట్టం గుర్తించిన డిగ్రీ కాదు కాబట్టి జీఎస్టీ నమోదు ఉన్న సంస్థ ఆ ఫీజుపై 18 శాతం పన్ను వసూలు చేయాలి. 40 వేల కోర్సుకు 7,200 రూపాయలన్నమాట. అదే కోర్సును ఓ కంపెనీ తన ఉద్యోగికి చెప్పిస్తే, ఆ ఖర్చు మొత్తం వ్యాపార వ్యయమై లాభంలోంచి తగ్గుతుంది. కట్టిన జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. ఉద్యోగి తన జేబులోంచి కట్టుకుంటే రెండూ లేవు. ఒకే గది, ఒకే పాఠం, ఒకే అధ్యాపకుడు. రసీదు మీద పేరు మారితే పన్ను న్యాయమూ మారిపోతోంది. 2025 సెప్టెంబరులో నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లపై జీఎస్టీని పూర్తిగా ఎత్తేసినప్పుడు ప్రభుత్వం దాన్ని విద్యకు ఊతంగా చెప్పుకుంది. మంచిపనే. కానీ ఇంటి బడ్జెట్‌ను తలకిందులు చేసేది పెన్సిల్ ధర కాదన్న సంగతి ఢిల్లీలో తెలియనిది కాదు.

ఈ చట్టాన్ని నడుపుతున్న ప్రభుత్వమే 2020లో జాతీయ విద్యా విధానం తెచ్చింది. అందులో జీవితకాల అధ్యయనం ఉంది. మధ్యలో ఆగి మళ్లీ చేరే సౌలభ్యం ఉంది. సంపాదించిన క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంకు ఉంది. ఉన్నత విద్యలో చేరికలను 2035 నాటికి 50 శాతానికి తీసుకెళ్తామన్న లక్ష్యం ఉంది. 2021-22 అఖిల భారత సర్వే ప్రకారం అది 28.4 శాతం. విద్యపై జాతీయోత్పత్తిలో 6 శాతం ఖర్చు పెట్టాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. అదే 6 శాతాన్ని 2020 పత్రం మళ్లీ రాసుకుంది. అప్పటి కలను ఇప్పటి పత్రం మళ్లీ కంటోందంటే, నడుమ అర్ధశతాబ్దంలో ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పాలా? కుటుంబాల నెత్తిన పడింది. శిక్షణ శాఖలు ‘స్కిల్లింగ్, రీస్కిల్లింగ్’ అని పోస్టర్లు వేస్తుంటే, ఆర్థిక శాఖ అదే నైపుణ్యాల ఫీజును సినిమా టికెట్టు ఖర్చులా సొంత వినోదం కింద జమకడుతోంది.

ఇక సెస్సు. 2004లో 2 శాతంతో విద్యా సెస్సు మొదలైంది. 2007లో మాధ్యమిక, ఉన్నత విద్య కోసమంటూ మరో 1 శాతం చేర్చారు. 2018లో రెండిటినీ కలిపి, ఆరోగ్యాన్నీ జోడించి 4 శాతం చేశారు. సెస్సు అంటే ఫలానా పనికోసమే వసూలు చేస్తున్నామన్న వాగ్దానం. ఉన్నత విద్య పేర తీసుకున్న ఆ 1 శాతం ఏమైందో కాగ్ చెప్పింది: 2016-17 వరకు వసూలైన 83 వేల కోట్లకు పైగా మొత్తం ఏ ప్రత్యేక నిధికీ చేరలేదు, అలాంటి నిధినే అసలు ఏర్పాటు చేయలేదు. వసూలు మొదలైన పదేళ్లకు, 2017 ఆగస్టులో గానీ ‘మాధ్యమిక్ ఔర్ ఉచ్చతర్ శిక్షా కోశ్’కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలపలేదు. పన్ను చెల్లింపుదారు ఒక్కరోజు ఆలస్యం చేస్తే నెల వడ్డీ వేసే వ్యవస్థ, తన హామీ విషయంలో పదేళ్లు తీసుకుంది. దానికి వడ్డీ ఎవరు కట్టారు?

సెస్సుకు మరో గుణం ఉంది. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలకు పంచే పన్నుల మొత్తంలోకి రావు. ఆదాయపు పన్నులో రాష్ట్రాలకు 41 శాతం వాటా దక్కితే, దాని తోకగా వచ్చే సెస్సులో నేరుగా దక్కేది సున్నా. కళాశాల విద్య భారాన్ని మోస్తున్నది మాత్రం ప్రధానంగా రాష్ట్రాలు. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షలాది పేద కుటుంబాల్లో తొలి ఇంజినీరును, తొలి డాక్టరును చూపించింది. రెండు రాష్ట్రాలయ్యాక పేర్లు మారాయి. డబ్బు తల్లి ఖాతాలో పడాలా, కళాశాల ఖాతాలో పడాలా అన్నది ప్రభుత్వాలతో పాటు మారింది. బకాయి మాత్రం మారలేదు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బకాయిలు చెల్లించాలంటూ మూసివేతకు దిగాయి. సర్కారు డబ్బు రాలేదంటూ విద్యార్థి సర్టిఫికెట్లు బిగబట్టే కళాశాలలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కాబట్టి ఢిల్లీని నిలదీసే నైతిక హక్కు హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలకు ఎంతవరకు ఉందన్నది వేరే ప్రశ్న. కానీ ఆదాయ పరిమితి దాటి రీయింబర్స్‌మెంటుకు దూరమై, ఇటు పన్ను ఉపశమనానికీ నోచుకోని మధ్యతరగతి కుటుంబం ఈ రెండు ప్రభుత్వాల మధ్య ఇరుక్కుపోయిందన్నది వాస్తవం.

వేరే దేశాలు దీన్నెలా చూస్తున్నాయి? అమెరికా 1997లో క్లింటన్ హయాంలో విద్యావ్యయానికి పన్ను క్రెడిట్లు తెచ్చింది. 2009లో ఒబామా ప్రభుత్వం వాటిలో ఒకదాన్ని విస్తరించి ‘అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్’ చేసింది. కళాశాల మొదటి నాలుగేళ్లలో ఖర్చయిన తొలి 2,000 డాలర్లు పూర్తిగా, తర్వాతి 2,000లో పావువంతు, మొత్తం 2,500 డాలర్లు ఆదాయంలోంచి కాదు, కట్టాల్సిన పన్నులోంచే తగ్గుతుంది. పన్నే లేని కుటుంబానికి కూడా అందులో 1,000 డాలర్ల వరకు చేతికొస్తుంది. ‘లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్’కు సంవత్సరాల పరిమితి లేదు, డిగ్రీ చదవాలన్న షరతూ లేదు, ఉద్యోగ నైపుణ్యం కోసం అర్హత గల సంస్థలో ఒక్క కోర్సు చేసినా 10,000 డాలర్ల ఖర్చులో ఐదోవంతు తగ్గుతుంది. కెనడా పనిచేసే వయసువారికి శిక్షణ క్రెడిట్‌ను ఏటా 250 డాలర్ల చొప్పున, జీవితకాలంలో 5,000 వరకు పోగుచేస్తుంది. సింగపూర్ 25 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ కోర్సుల కోసం 500 డాలర్ల ఖాతా తెరిచింది. 2024లో నలభై దాటినవారికి మరో 4,000 జతచేసింది.

అమెరికా ఏర్పాటును నెత్తిన పెట్టుకోమని మేం అనడం లేదు. ఆ క్రెడిట్ల ఆదాయ పరిమితిని ధరలతో పాటు పెంచలేదు, ఫారాల చిక్కూ తక్కువేం కాదు. పైగా మన పిల్లలకు అది అందదు. ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థి సాధారణంగా తొలి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అక్కడి పన్ను చట్టం దృష్టిలో నాన్ రెసిడెంటు. అందువల్ల ఆ క్రెడిట్లకు అనర్హుడు. ఇక్కడ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అతని తండ్రికి ఆ ఫీజు 80సి కింద చెల్లదు, ఎందుకంటే సంస్థ దేశంలో లేదు. రుణ వడ్డీ చూపుదామంటే పాత విధానంలోనే. రెండు దేశాల ఖజానాలకూ పన్ను కట్టబోయే ఆ కుటుంబం ఖర్చు రెండు దేశాల చట్టాలకూ పట్టలేదు.

ప్రభుత్వం వైపు నుంచి మరో రెండు సమాధానాలు వస్తాయి. ఒకటి, పన్ను కట్టేవారే జనాభాలో కొద్దిమంది. వారికి రాయితీ ఇచ్చే బదులు పేద విద్యార్థికి నేరుగా సాయం చేయడం మేలు. ఇది గట్టి వాదన. పన్ను ఉపశమనం ప్రభుత్వ కళాశాలకు, ఉపకారవేతనానికి ప్రత్యామ్నాయం కానేకాదు. ఆ రెంటినీ బలహీనపరిచి దీన్ని చేతిలో పెట్టడం ఇంకో మోసమవుతుంది. అందుకే మేం మినహాయింపు కాకుండా క్రెడిట్ కావాలంటున్నాం. పన్ను పరిధిలో లేనివారికీ చేతికందే క్రెడిట్. రెండు, 2024లో పీఎం విద్యాలక్ష్మి తెచ్చామన్నది. హామీ లేని రుణం, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల రుణం వరకు 3 శాతం వడ్డీ రాయితీ. అయితే ఇది మేటి సంస్థల్లో (ప్రకటించినప్పుడు 860) సీటొచ్చినవారికే. వడ్డీ రాయితీ ఏడాదికి లక్షమందికే. మేటి సంస్థలో చేరగలిగినవాడికి అప్పివ్వడానికి బ్యాంకులు ఎలాగూ వెనుకాడవు. చిలకలూరిపేటలోనో సూర్యాపేటలోనో మామూలు డిగ్రీ కళాశాలలో చేరినవారే ఈ దేశపు సగటు విద్యార్థులు. వారి కోసం ఏముందో చెప్పాలి.

ఈ వ్యవహారంలో ఆందోళన కలిగించేది డబ్బు ఒక్కటే కాదు, పద్ధతి కూడా. ఒక సామాజిక హామీని రద్దు చేయాలంటే చట్టసభలో ప్రతిపాదించి, చర్చించి, ఓటు వేయాలి. ఇక్కడ దాన్ని పాత గదిలో ఉంచి తాళం వేయకుండా, ఆ గదికి దారిని మూసేశారు. విద్యతో ఇది సాధ్యమైతే రేపు వైద్య బీమాతో, వికలాంగుల సంరక్షణ ఖర్చుతో సాధ్యమే. నిజానికి కొత్త విధానంలో ఆ మినహాయింపులకూ ఇదే గతి పట్టింది. కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 దీన్ని సరిదిద్దడానికి చేతికొచ్చిన అవకాశం. సెక్షన్లు 819 నుంచి 536కు, పదాలు 5.12 లక్షల నుంచి 2.6 లక్షలకు తగ్గాయని గర్వంగా చెప్పుకున్నారు. పదాలు సగమైనా ‘పూర్తికాలపు విద్య’ అన్న షరతు, ఇద్దరు పిల్లల పరిమితి కొత్త సంఖ్యల కింద చెక్కుచెదరకుండా బదిలీ అయ్యాయి. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన చట్టంలో చదువు ఇంకా పొద్దున్నే బడికెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే పిల్లవాడిదే. ముప్ఫై ఏళ్ల నర్సుది, నలభై ఏళ్ల టర్నరుది కాదు.

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. విద్యారుణ వడ్డీని కొత్త విధానంలోనూ అనుమతించడానికి ఒక్క సవరణ చాలు. ఫీజులను పొదుపు పథకాల గుంపులోంచి బయటికి తీసి, శ్లాబుతో నిమిత్తం లేకుండా ఒకే రేటున, పన్ను లేనివారికీ అందేలా విద్యా క్రెడిట్‌గా మార్చాలి. దూరవిద్య, సాయంత్రపు కళాశాల, గుర్తింపు పొందిన వృత్తి కోర్సు, ఎవరి వయసు ఎంతైనా సరే, అందులోకి రావాలి. సొంత డబ్బుతో నేర్చుకునేవారిపై వేస్తున్న 18 శాతాన్ని జీఎస్టీ మండలి పునఃపరిశీలించాలి. ఆ మండలిలో మన రెండు రాష్ట్రాల ఆర్థికమంత్రులకూ ఓటుంది, నోరూ ఉండాలి. విద్యా సెస్సు కింద ఏటా ఎంత వచ్చింది, ఏ నిధికి ఎంత చేరింది, ఏ విశ్వవిద్యాలయానికి ఎంత వెళ్లిందన్న లెక్కను బడ్జెట్‌తో పాటు పార్లమెంటు ముందుంచాలి. ఇవి చేయలేమంటే, చేయలేకపోవడానికి కారణమైనా సభలో చెప్పాలి. అదీ చేయనంత కాలం ఆ 4 శాతంలో ‘విద్య’ అనే పేరును వాడుకునే హక్కు కేంద్ర ప్రభుత్వానికి లేదు.